మన గుట్టు బజార్లో, వాళ్ల గుట్టు బీరువాలో

పేదోడికి గుట్టేముంటుంది? ఈ మాట మనం చాలా నోళ్ల నుంచి విన్నాం. రేషన్ షాపు దగ్గర విన్నాం, బ్యాంకు మెట్ల మీద విన్నాం. చివరికి సుప్రీంకోర్టులో కూడా ఇదే మాట నల్లకోటు తొడుక్కుని నిలబడింది. 2017లో తొమ్మిది మంది జడ్జీల ముందు వాదనలు జరిగినప్పుడు, కూడూ గూడూ లేని దేశంలో గోప్యత ఉన్నోళ్ల సోకు అన్న ధోరణిలో కేంద్ర ప్రభుత్వం తరఫున వాదించారు. ఆ ఏడాది ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒకే మాటగా ఆ వాదనను తోసిపుచ్చారు. గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అన్నారు. పేదోళ్లకు తిండి పెడితే చాలు, హక్కులెందుకు అనే మాట చెల్లదన్నారు.

తీర్పు వచ్చింది. మన వాడ దాకా మాత్రం రాలేదు.

గోప్యత అనేది పుస్తకాల మాట. మన ఊళ్లలో దాన్ని గుట్టు అంటారు. ఇంటి గుట్టు లంకకు చేటు అని సామెత. లంకకు రాజు ఉన్నాడు, కోట ఉంది, సైన్యం ఉంది. అంతటివాడికే గుట్టు పోతే చేటు జరిగింది. కోట లేనివాడికి, వెనక ఎవడూ లేనివాడికి గుట్టు పోతే ఏమవుతుందో ఆలోచించండి. ఉన్నోడి వివరం బయటపడితే పరువు పోతుంది. మనోడి వివరం బయటపడితే కూలి పోతుంది, అద్దె ఇల్లు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. కాబట్టి గుట్టు ఉన్నోడి కంటే లేనోడికే ఎక్కువ అవసరం అని మేము అంటున్నాం.

పుస్తకం ఎవడి చేతిలో ఉంటే...

మనకు కంప్యూటరు కొత్త కావచ్చు గానీ రికార్డు కొత్త కాదు. దున్నింది మన తాత, కరణం పుస్తకంలో ఎక్కింది దొర పేరు. పన్ను ఎవరు కట్టారు, బంజరు ఎవరి స్వాధీనంలో ఉంది, పోరంబోకు హద్దు ఎక్కడ - అన్నీ ఒక్కడి కలం కింద ఉండేవి. ఆ పుస్తకం చూపించమని అడిగే దమ్ము ఎవరికుంది? కరణం, మునసబు వ్యవస్థను 1984లో రద్దు చేశారు. మనుషులు పోయారు, పుస్తకం పోలేదు. ఊళ్లో పుస్తకం మండలానికి పోయింది, మండలం నుంచి కంప్యూటరులోకి పోయింది. ఇప్పుడు అందులో భూమి ఒక్కటే లేదు. మన వేలిముద్ర ఉంది, కంటిపాప ఉంది, కులం ఉంది, జబ్బు ఉంది, అప్పు ఉంది, పిల్లల చదువు ఉంది. చూపించమని అడిగితే వచ్చే జవాబు మాత్రం పాతదే.

రిజిస్టరు అంటే ఏమిటో బాబాసాహెబ్ అంబేద్కర్‌కు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయనకు తల దాచుకోవడానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో రిజిస్టరులో పార్సీ పేరు రాయించుకుని దిగాల్సి వచ్చింది. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులొచ్చారు. ఆ సంగతి ఆయనే రాసుకున్నారు. అంతటి చదువు చదివినవాడికి నెత్తిమీద కప్పు ఉంటుందా పోతుందా అన్నది ఆ పుస్తకంలో ఏ పేరు రాశారన్న దాని మీద ఆధారపడింది. సత్రం పుస్తకం ఒక్క సత్రంలోనే ఉంటుంది. ఇవాళ్టి పుస్తకం దేశమంతా ఒకేసారి తెరుచుకుంటుంది.

సర్కారు ఖాతాలో

ఇది ఊహ కాదు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లు పరిశీలించి నివేదిక ఇచ్చింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపులు. మిగతా రెండు కేంద్రానివి. ఆ నాలుగింటిలో కలిపి 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బయట కనపడుతున్నాయని వాళ్ల అంచనా. ఎవరి నంబర్లు అవి? పలుగూ పార పట్టిన కూలీలవి, ముసలి పెన్షన్‌దార్లవి, వితంతువులవి. ఏ పెద్ద కంపెనీ యజమానివీ కావు. పథకం కోసం చెయ్యి చాచినవాళ్ల వివరాలే బజారున పడ్డాయి.

2018 ఏప్రిల్‌లో ఇంకొకటి బయటపడింది. ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో దాదాపు 1 లక్షా 30 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, కులం, మతం అందరికీ కనపడేలా పెట్టారు. కులం పేరుతో, మతం పేరుతో వెతుక్కునే వీలు కూడా ఉంది. పత్రికల్లో వచ్చాక తీసేశారు. ఇల్లు ఇచ్చే శాఖకు ఇంటివాడి కులం తెలియాలి, రిజర్వేషన్ ఉంది కాబట్టి. ఊరందరికీ ఎందుకు తెలియాలి?

1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దాడికి వచ్చినవాళ్లకు జాబితా అక్కర్లేకపోయింది. ఊరికి అవతల వాడ ఉంది, అదే జాబితా. ఆ వాడ దాటి మనోళ్లు పట్నం చేరారు. పట్నంలో పక్కింటివాడికి మన కులం తెలియదు, ఆ కాస్త ఊపిరి కోసమే చాలామంది ఊరు వదిలారు. ఇప్పుడు పట్నంలో ఏ కాలనీలో ఉన్నా, ఏ అపార్ట్‌మెంటులో ఉన్నా, మీట నొక్కితే మాల, మాదిగ అని వేరుచేసి చూపించే పట్టిక తయారైందంటే అర్థం ఏమిటి? వెలివాడ గీత మన వెంటే పట్నానికి వచ్చిందని అర్థం.

పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో బయటపడిన కేసు చూడండి. సిమ్ కార్డులు అమ్మే ఒకడు తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దింపుకున్నాడు. వాటి మీద ఉన్న వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లా చేయించి, అదే కాగితం మీదున్న ఆధార్ నంబరు కొట్టి, వేలకొద్దీ సిమ్ కార్డులు తీశాడు. తాళంచెవి పోతే తాళం మార్చుకోవచ్చు. వేలు ఎట్లా మార్చుకుంటాం? చదువురానోడి సంతకమని వేలిముద్ర వేయించుకున్నారు. ఆ సంతకాన్నే దొంగకు దొరికేలా పరిచి పెట్టారు. కంచే చేను మేసినట్టు అంటే ఇదే.

ఒక పనికి ఇచ్చిన వివరం ఇంకో పనికి వాడటం అన్నిటికంటే పెద్ద ద్రోహం. తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నారు. కూలికి పోయినోళ్లు ముంబై నుంచి, సూరత్ నుంచి బస్సులెక్కి సొంతూళ్లకు వచ్చారు, పేరు రాయించుకోకపోతే పథకాలు పోతాయేమోనని. తర్వాత ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థ పెట్టి, ఒక్కో శాఖ దగ్గరున్న వివరాలను ఒకదానితో ఒకటి ముడేసింది. రేషన్ కార్డుకు ఎవరు అర్హులు, ఎవరు కాదు అని కంప్యూటరు చెప్పసాగింది. రాష్ట్రంలో లక్షల కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేకుండా తీసేశారని కేసు పడితే, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 19 లక్షల కార్డులను ఇంటికెళ్లి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. కంప్యూటరు తప్పు చెప్పిందని నిరూపించుకునే బాధ్యత ఎవరి మీద పడింది? ఆకలితో ఉన్నవాళ్ల మీద.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న యాభై ఇళ్లకు ఒక వాలంటీరును పెట్టారు. పెన్షన్ ఇంటికి తెచ్చిచ్చారు, అది ముసలోళ్లకు మేలే. అదే చేత్తో ఇంటింటి వివరాలూ ఫోన్లలోకి ఎక్కాయి. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. ఆ ఫోన్లలోకి ఎక్కిన వివరాల సంగతేమిటి? ఎవరి దగ్గర ఉన్నాయి, ఎవరు చెరిపేశారు? ప్రజలకు లెక్క చెప్పాలి. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ ప్రశ్న ఒకటే.

ప్రైవేటు ఖాతాలో

సర్కారు ఇట్లా ఉంటే ప్రైవేటోడు ఊరుకుంటాడా? మన వాడల్లో ఆడవాళ్లకు మైక్రోఫైనాన్స్ కొత్త కాదు. గుంపు మధ్యలో నిలబెట్టి బాకీ చదివి వినిపించడం, ఇంటిముందు కూర్చోవడం - ఆ వేధింపులు ఆత్మహత్యల దాకా పోతేనే 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పదేళ్లకు అదే పని ఫోనులోకి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో పని పోయినోళ్లు మూడు వేలకు, అయిదు వేలకు లోన్ యాప్‌ల దగ్గర చెయ్యి చాచారు. యాప్ ఫోనులోకి దిగగానే నంబర్లన్నీ, ఫొటోలన్నీ లాగేసుకుంది. వాయిదా తప్పితే అమ్మకు, బామ్మర్దికి, మేస్త్రీకి, టీచరుకు ఫోన్లు. మార్చిన బొమ్మలు పంపి బెదిరింపులు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టేసరికే మనుషులు చచ్చిపోయారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇచ్చింది: అప్పిచ్చే యాప్ ఫోనులోని నంబర్లు, ఫైళ్లు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని. నిబంధన మంచిదే. బ్యాంకు గుమ్మం మనకు తెరిచి ఉంటే మనోళ్లు యాప్ గుమ్మం తొక్కేవాళ్లా అన్నది అసలు ప్రశ్న.

చదువుల సంగతి చెప్పాలా? ర్యాంకు ఎంత అని అడుగుతారు. అది ర్యాంకు అడగడం కాదు, కులం అడగడం. రిజర్వేషన్ సీటా కాదా అని ర్యాంకు చెప్పేస్తుంది. ఆ తర్వాత మెస్‌లో బల్లలు మారతాయి, గదిలో మాటలు మారతాయి. ఒక దళిత విద్యార్థి చనిపోయిన కొన్ని నెలలకు, 2023లో ఐఐటీ బొంబాయి యాజమాన్యం తోటి విద్యార్థుల ర్యాంకు అడగడం తగదని మార్గదర్శకాలు ఇచ్చింది. కాలేజీ గోడ మీద కేటగిరీతో సహా జాబితా అంటించే చోట్ల ఆ రక్షణ ఏ పాటిది?

కులం దాచుకోమంటున్నామా?

ఇక్కడ మన యువకులు అడుగుతారు: అన్నా, 1994లో ఈదుమూడిలో దండోరా మోగింది మొదలు మనం పేరు పక్కన మాదిగ అని గర్వంగా రాసుకున్నాం కదా, మళ్లీ కులం దాచుకోమంటారా? అనడం లేదు. చెప్పుకోవడం వేరు, చెప్పించడం వేరు. నా పేరు పక్కన నా కులం నేను రాసుకుంటే అది ఆత్మగౌరవం. నాకు తెలియకుండా నా పేరు పక్కన ఇంకొకడు రాసి తిప్పితే అది కొత్త అంటరానితనం. ఎప్పుడు, ఎవరికి, ఎందుకు చెప్పాలో తేల్చుకునే అధికారం నాది కావాలి.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ల మీద ఇచ్చిన తీర్పు ఇదే దారి చూపింది. ఖైదీల రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. ఎందుకంటే ఆ కాలమ్ చూసి ఒకడికి వంటపని, ఒకడికి పాయిఖానా పని అప్పజెప్పేవాళ్లు. కాలమ్ అమాయకంగా కనపడుతుంది. పని అది చేస్తుంది.

అట్లాగని లెక్కలు వద్దని ఎవరైనా అంటే వాడు మన శత్రువే. కులాల లెక్క లేకపోతే వాటా లేదు, సబ్‌ప్లాన్ లేదు, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఒప్పుకున్న వర్గీకరణకు ఆధారం లేదు. మేము అడిగేది లెక్క. పేర్ల జాబితా కాదు. తెలంగాణ 2024 నవంబరులో మొదలుపెట్టిన కులసర్వే ఎస్సీలు 17.43 శాతం అని చెప్పింది. ఆ అంకె అందరికీ తెలియాలి, ఊరూరా చర్చ జరగాలి. ఆ అంకె వెనకున్న ఒక్కో ఇంటి కాగితం మాత్రం ఎవడి చేతికీ చిక్కకూడదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ఇదే చెబుతుంది: జనగణన పుస్తకాలు చూసే హక్కు ఎవరికీ లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టకూడదు. 2011 సామాజిక ఆర్థిక కులగణనను ఆ చట్టం కింద చేయలేదు. కులం లెక్కలు బయటికి ఇవ్వనూ లేదు. అంటే మనకు కావలసింది దాచారు, మనకున్న రక్షణ తీసేశారు. 2027 జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. లెక్క పూర్తిగా బయటికి రావాలి, పేర్లు పూర్తిగా లోపలే ఉండాలి. రెండూ కలిపి అడగాలి.

ఈ చట్టం ఎవరి కాపలా?

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వివరాలు తీసుకునేవాడు ఎందుకో చెప్పాలి, అంగీకారం అడగాలి, తెలుగులో కావాలంటే తెలుగులో చెప్పాలి, తప్పుంటే దిద్దాలి, పని అయిపోతే చెరపాలి. చదవడానికి బాగుంది. ఈ బాధ్యతలు అమలు కావడానికి మాత్రం 18 నెలల గడువు పెట్టారు, అంటే 2027 మే దాకా.

ఇక లోపలికి చూడండి. కేంద్రం తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలను నోటిఫికేషన్‌తో ఈ చట్టం నుంచి తప్పించవచ్చు. ఫిర్యాదు వినే బోర్డును నియమించేది కేంద్రమే. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కాదా? భద్రత లేక వివరాలు పోతే కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా అన్నారు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది, నష్టపోయిన మనిషికి రూపాయి రాదు. పాత ఐటీ చట్టం 43ఎ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే వీలుండేది, దాన్ని కూడా ఈ చట్టం ఎత్తేస్తోంది. పైగా పనికిమాలిన ఫిర్యాదు అని తేలిస్తే ఫిర్యాదు చేసినవాడికే 10 వేల దాకా జరిమానా.

ఇంతకంటే పెద్ద దెబ్బ 44వ సెక్షన్‌లో ఉంది. 2005 సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అని ఒకటుంది. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదు, కానీ ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి. శాసనసభకు కాదనలేని సమాచారం మామూలు మనిషికీ కాదనకూడదు అని అందులో ఉండేది. ఆ రెండు రక్షణలనూ కోసేసి, వ్యక్తిగత సమాచారమైతే చాలు ఇవ్వనక్కర్లేదు అని మార్చారు. 2025 నవంబరులో మనకు గోప్యత ఇచ్చే సెక్షన్లకు గడువు పెట్టారు. ఈ మార్పును మాత్రం వెంటనే అమల్లోకి తెచ్చారు. దీన్ని బట్టే ఎవరి తొందర ఏమిటో తెలుస్తోంది.

అసైన్డ్ భూమి ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు? ఎస్సీ కార్పొరేషన్ లోను ఎవరి పేరుమీద మంజూరైంది? దొంగ కుల సర్టిఫికెట్‌తో మన సీటు, మన ఉద్యోగం కొట్టేసింది ఎవరు? ఇవన్నీ మనవాళ్లు సమాచార హక్కు దరఖాస్తుతోనే తవ్వి తీశారు. ఉపాధి పనుల సామాజిక తనిఖీలో మస్టరు ఊరందరి ముందు చదివితేనే కదా చచ్చినోడి పేరుమీద కూలి ఎత్తినోడు దొరికింది! ఇక అధికారి ఒకే మాట చెప్పొచ్చు: అది ఫలానా వారి వ్యక్తిగత సమాచారం. కూలోడి ఆధార్ నంబరు కాపాడలేని రాజ్యం, కూలోడి భూమి మింగినోడి పేరు కాపాడటానికి చట్టం చేసుకుంది.

గుట్టు బలహీనుడికి రక్షణ కావాలి. అధికారంలో ఉన్నోడికి వెలుగు కావాలి. ఈ చట్టం తిరగేసి పెట్టింది.

మరి ఏం చేద్దాం?

ఏ కౌంటర్ దగ్గరైనా ఆధార్ అడిగితే, ఏ చట్టం కింద అడుగుతున్నారు, ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అని అడుగుదాం. జిరాక్సు ఇస్తే దాని మీద ఫలానా పనికి మాత్రమే అని తేదీతో అడ్డంగా రాద్దాం. చివరి నాలుగంకెలే కనపడే ఆధార్ కాపీ దొరుకుతుంది, చాలాచోట్ల అది సరిపోతుంది. వేలిముద్రను తాళం వేసుకునే సౌకర్యం ఉంది, ఆధార్ సందేహాలకు 1947 నంబరు ఉంది. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. వాడలో చదువుకున్న పిల్లలు ఈ పని భుజాన వేసుకోవాలి.

సమాచారం అడిగేటప్పుడు భయపడొద్దు. పథకాల లబ్ధిదారుల వివరాలు అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం 4(1)(బి) ఇంకా చెబుతూనే ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చని 8(2) ఉంది. ఈ రెండూ దరఖాస్తులో రాయండి. కాదంటే అప్పీలుకు పోండి. మనం అడగాల్సింది పేరు, భూమి, మొత్తం, తేదీ. ఆధార్, బ్యాంకు నంబర్లు మనకు వద్దు, అవి కొట్టేసి ఇవ్వమనే అడుగుదాం.

మన సంఘాలకూ ఇదే నియమం. సభ్యత్వ పుస్తకం ఎవరి దగ్గర ఉంది? దాడిలో గాయపడిన చెల్లెలి ఫొటో ఏ గ్రూపులో తిరుగుతోంది? అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ కింద సాక్షుల పేర్లు, చిరునామాలు గోప్యంగా ఉంచమని కోర్టును కోరే హక్కు ఉంది. కేసు కట్టిన మొదటిరోజే లాయరుతో ఆ మాట చెప్పించాలి. సాక్షి పేరు బయటపడితే ముందు రాజీ కబురు వస్తుంది, తర్వాత కర్ర వస్తుంది. ఇది కార్యకర్తలకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆధార్‌ను పాన్ కార్డుకు ముడిపెట్టడాన్ని 2017లో సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లలో సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ ఒకరు. చీపురు పట్టినోళ్ల బిడ్డ గోప్యత కోసం కోర్టుకెక్కాడు. పేదోడికి గుట్టేముంటుందనే పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒకప్పుడు చెరువు నీళ్లు ముట్టుకునే హక్కు కోసం కొట్లాడాం. ఇప్పుడు మన వివరం ముట్టుకునేవాడు మనల్ని అడిగి ముట్టుకోవాలని కొట్లాడాలి. మన లెక్క తేలాలి! మన గుట్టు మన చేతిలో ఉండాలి! మన భూమి మింగినోడి పేరు పంచాయతీ గోడ మీద ఉండాలి!